పెద్ద జపనీస్ హోటల్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లే ముందు

మా పిన్ని బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన వారం, అందరం కలిసి జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద జపనీస్ రెస్టారెంట్‌కి వెళ్లాం. పిన్ని బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని మనిషి. "వెజ్ ఉందా?" అని వెయిటర్‌ని అడిగాం. "ఉంది మేడమ్" అన్నాడు. ముందుగా చిన్న నల్ల గిన్నెల్లో మిసో సూప్, అంటే పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన చారు, తెచ్చి పెట్టారు. "అచ్చం పప్పుకట్టులా కమ్మగా ఉందే" అంటూ పిన్ని ఇష్టంగా సగం తాగింది. కాసేపటికి మా బాబాయ్ ఊరికే తెలుసుకుందామని, "ఇది దేంతో చేస్తారు బాబూ?" అని అడిగాడు. ఆ అబ్బాయి లోపలికెళ్లి కనుక్కొని వచ్చి, ఎండు చేప తురుము కాచిన నీళ్లతో అని చెప్పాడు. పిన్ని ఎవరినీ ఒక్క మాట అనలేదు. గిన్నె పక్కకు జరిపింది. ఇంటికొచ్చి తలస్నానం చేసి, పెరుగన్నం కూడా వద్దని పడుకుంది.

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. ముక్క లేకపోతే వెజ్ అని అతని లెక్క. మా లెక్క వేరు. ఆ తేడా ముందే అడిగి తెలుసుకోవాల్సింది నేను.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను, షెఫ్‌ల ముందు కూర్చుని అడిగి అడిగి నేర్చుకున్నాను. జపాన్ వంట మీద నాకు నిజమైన ప్రేమ ఏర్పడింది. మీ అమ్మనో, అత్తమామలనో అలాంటి చోటికి తీసుకెళ్లాలని మీకూ ఉంటే, వాళ్లు అక్కడ చిన్నబుచ్చుకోకుండా, ఆకలితో లేవకుండా ఉండటానికి ఇలా చేయండి.

1. ముందు రోజే ఫోన్ చేయండి. "వెజ్ ఉందా" అని మాత్రం అడగకండి

అడగాల్సిన ప్రశ్న "దాషి దేంతో చేస్తారు?" అన్నది. జపాన్ వంటకు దాషి అంటే మన వంటకు పోపు లాంటిది, అది లేకుండా ఏదీ మొదలవదు. కోంబు అనే సముద్రపు నాచును, కత్సుఓబుషి అనే చేప తురుమును వేడి నీళ్లలో కాసేపు ఉంచి వడగడితే వచ్చే తేట నీళ్లే దాషి. టూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, కర్రముక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టి, పల్చగా చెక్కుతారు. అదే కత్సుఓబుషి. వడగట్టాక చేప కనబడదు, నీచు వాసన కూడా పెద్దగా తెలియదు. మా పిన్నికి తెలియకపోయింది అందుకే.

1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే ఆచార్యుడు ఈ కోంబు నీళ్లలోంచే గ్లూటమేట్ అనే రుచినిచ్చే పదార్థాన్ని విడదీసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఆ మరుసటేడు అది అజినమోటోగా బజారులోకి వచ్చింది. మన ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర టేస్టింగ్ సాల్ట్ అంటామే, అదే.

ఈ దాషి ఎక్కడెక్కడ ఉంటుందో గుర్తుపెట్టుకోండి: మిసో సూప్, ఉడాన్, సోబా నూడుల్స్ పులుసు, టెంపురా (వాళ్ల బజ్జీలు) పక్కన ఇచ్చే పల్చటి సాస్, చవన్‌ముషి అనే గుడ్డు కుడుము, వేయించిన టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) మీద పోసే రసం. ఇనారి అని తియ్యటి టోఫు సంచిలో అన్నం పెట్టి ఇస్తారు, చూడటానికి శుద్ధ శాకాహారమే. కానీ ఆ సంచిని కూడా మామూలుగా దాషిలోనే ఉడికిస్తారు. అందుకే ఒక్కో వంటకం పేరు చెప్పి అడగాలి.

మంచి వంటగది ఉన్నచోట కోంబుతో, ఎండబెట్టిన షిటాకే పుట్టగొడుగులతో మాత్రమే దాషి చేసి పెట్టమంటే చేస్తారు. ఒకరోజు ముందు చెబితే చాలు. ఇది వాళ్లకు కొత్తదేం కాదు. జపాన్‌లో బౌద్ధ మఠాల్లో షోజిన్ ర్యోరి అనే వంట పద్ధతి వందల ఏళ్లుగా ఉంది. చేప, మాంసం ఉండవు. వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. కార్తీక మాసంలో మన ఇళ్లలో చేసుకునే వంటకు అది దగ్గరి చుట్టం. ఫోన్‌లో "షోజిన్ పద్ధతిలో" అని ఒక్క మాట అంటే షెఫ్‌కి మీ ఉద్దేశం వెంటనే అర్థమవుతుంది.

అదే ఫోన్‌లో అడగాల్సినవి ఇంకొన్ని. టెంపురా పిండిలో గుడ్డు కలుపుతారా? కూరగాయలూ రొయ్యలూ ఒకే నూనెలో వేయిస్తారా? వంటలో సాకే, మిరిన్ వాడతారా? ఈ రెండూ బియ్యంతో చేసిన మద్యాలే కాబట్టి, మద్యం ముట్టనివాళ్లు మీతో ఉంటే ఇది తప్పకుండా అడగండి. రామెన్ నూడుల్స్ పులుసు చాలాచోట్ల పంది ఎముకలు కాచి చేస్తారు. వాగ్యు అంటే జపాన్ గొడ్డుమాంసం. గోధుమ పడనివాళ్లకు మామూలు సోయా సాస్ కూడా పనికిరాదు, అందులో గోధుమ ఉంటుంది.

మన దగ్గర ఇలాంటి హోటళ్లలో వడ్డించే పిల్లల్లో ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు, తెలుగు కన్నా హిందీలో చప్పున అర్థమవుతుంది. "ఇస్‌మే ఫిష్ స్టాక్ హై క్యా?" అని అడిగితే సరిపోతుంది. "వెజ్ హై క్యా" అనకండి.

టేబుల్ బుక్ చేసేటప్పుడు మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తున్నారని చెప్పి కుర్చీలున్న చోటే అడగండి. కొన్నిచోట్ల చాపల మీద కూర్చోబెట్టే గదులుంటాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నా, లేవడం మాత్రం కష్టం. మొదటిసారి వెళ్తున్నవాళ్లకు నా సలహా, పనిదినం మధ్యాహ్నం వెళ్లండి. చాలాచోట్ల మధ్యాహ్నం సెట్ భోజనం పెడతారు, రాత్రి ధర కన్నా బాగా తక్కువ పడుతుంది. షెఫ్‌కి కూడా మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. శనివారం సాయంత్రం రోడ్ నంబర్ 36 మీద, కేబుల్ బ్రిడ్జి దగ్గర ఇరుక్కుని, ఆకలితో, చిరాకుతో తినే భోజనం కాదిది.

2. అత్తరు ఇంట్లోనే వదిలి రండి

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పెళ్లికి కాకుండా పేరంటానికి వెళ్లినట్టు తయారైతే చాలు. వాసన దగ్గరే జాగ్రత్త. ఈ వంటంతా సన్నటి వాసనల మీద నడుస్తుంది. చార్మినార్ దగ్గర కొన్న మంచి అత్తరైనా, ఖరీదైన సెంటైనా మీ ముక్కునే కాదు, పక్కవాళ్ల ముక్కునూ కప్పేస్తుంది. సుషీ అంటే వెనిగర్ కలిపిన అన్నంతో చేసే ముద్దలు, చుట్టలు. షెఫ్ వాటిని చేసే కౌంటర్ దగ్గర కూర్చుంటే ఇది మరీ ముఖ్యం. చాపల గదైతే చెప్పులు విప్పాలి, చిరుగుల్లేని సాక్సులు వేసుకోండి.

3. కూర్చోగానే

చుట్టచుట్టిన తడి తువ్వాలు ఇస్తారు, దాన్ని ఒషిబోరి అంటారు. అది చేతులకు మాత్రమే. మొహం, మెడ తుడుచుకోవద్దు.

తర్వాత పుల్లలు, అంటే చాప్‌స్టిక్స్. కింది పుల్ల కదలదు. దాన్ని బొటనవేలి మొదట్లో ఇరికించి ఉంగరపు వేలి మీద ఆనించండి. పై పుల్లను పెన్సిల్ పట్టుకున్నట్టు పట్టుకుని, అదొక్కటే ఆడించండి. వారం ముందు ఇంట్లో ఉడికించిన వేరుశనగ పప్పులు గిన్నెలోంచి గిన్నెలోకి మార్చి చూడండి, పిల్లలకు రెండు రోజుల్లో వస్తుంది. పెద్దవాళ్లకు రాకపోతే ఏ మొహమాటం లేకుండా స్పూను, ఫోర్కు అడగండి. వాళ్లు అడగకముందే మీరే అడగండి, వాళ్ల ముందు పుల్లలు పెట్టి చూస్తూ కూర్చోవద్దు.

పుల్లలతో రెండు పనులు మాత్రం చేయకూడదు. ఇవి మర్యాద కోసం పెట్టిన నియమాలు కావు, చావుకు సంబంధించినవి. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు. పోయినవాళ్ల ముందు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల్లోంచి ఇంకొకరు పుల్లలతో ముక్క అందుకోకూడదు. అక్కడ దహనం తర్వాత బంధువులు ఎముకలను పుల్లలతో ఏరి పాత్రలో వేస్తారు. అస్థి సంచయనం చేసిన మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మూడో రోజు తెల్లవారుజామున ఆ పని చేసినవాడికి, భోజనాల బల్ల దగ్గర అది గుర్తుకొస్తే ఎలా ఉంటుంది? ఎవరికైనా పెట్టాలంటే వాళ్ల ప్లేటులో పెట్టండి. తిననప్పుడు పుల్లల్ని ముందున్న చిన్న దిమ్మ మీద అడ్డంగా పెట్టండి.

చేత్తో తినొచ్చా అని మా బాబాయ్ రహస్యంగా అడిగాడు. సుషీని చేత్తో తినొచ్చు, తప్పేం లేదు. నిగిరి, అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిన సుషీ, 1820ల ప్రాంతంలో ఎడో అనే నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, వీధి బళ్ల మీద పుట్టింది. హనయ యోహెయ్ అనే ఆయన పేరు చెబుతారు. పనికి పోతూ నిలబడి చేత్తో నోట్లో వేసుకునే తిండి అది. సాషిమిని, అంటే అన్నం లేకుండా ఇచ్చే ఉత్త చేప ముక్కల్ని, పుల్లలతోనే తినాలి.

4. ఆర్డరు ఇచ్చేటప్పుడు

బిర్యానీకి ఇచ్చినట్టు అంతా ఒక్కసారే చెప్పేయకండి. ఒక మాకీ రోల్ (నాచు రేకుతో చుట్టిన అన్నం) అంటే మామూలుగా ఆరో ఎనిమిదో బిళ్లలు, నిగిరి ఒక ఆర్డరుకు తరచు రెండు. ఆరుగురికి ముందు రెండు రోల్స్, ఒక టెంపురా, ఒక ఎడమామే చెప్పి ఆగండి. ఎడమామే అంటే ఉప్పు చల్లిన పచ్చి సోయా కాయలు, ఉడికించిన అనపకాయల్లా గింజలు నోట్లోకి లాక్కుని తొక్క పక్కన పెట్టాలి. మన పెద్దవాళ్లు మొదట ఇష్టపడేది ఇదే, దీంతో మొదలుపెడితే బల్ల మీద బిగుసుకున్న మొహాలు సర్దుకుంటాయి.

శాకాహారులకు నేను ధైర్యంగా చెప్పేవి: దోసకాయ రోల్, అవకాడో రోల్, ఉప్పుతో కూరగాయల టెంపురా (పిండి, నూనె సంగతి అడిగాక), మిసో పూసి కాల్చిన వంకాయ. ఆ వంకాయ ముందు మాత్రం మన ఇంట్లో ఎవరి నోరైనా మూతపడుతుంది. మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద, అందులో మామూలుగా చేప ఉండదు. సూప్‌లో కలిపే నీళ్లతోనే చిక్కంతా. వంకాయ పూతలో మిరిన్ ఉంటుంది కాబట్టి ఆ సంగతి మళ్లీ అడగండి.

చేపలు తినేవాళ్లు తేలికైనవాటితో మొదలుపెట్టి బరువైనవాటి వైపు వెళ్లాలి. ముందు తెల్ల చేప, తర్వాత టూనా, సాల్మన్, చివర్లో తియ్యటి సాస్‌తో కాల్చిన ఉనగి అనే పాము చేప. కొవ్వు చేప ముందే తింటే తర్వాతది చప్పగా అనిపిస్తుంది. విస్తట్లో మనం పప్పుతో మొదలుపెట్టి పెరుగుకు వెళ్లే వరుసకు ఎలా అర్థముందో, దీనికీ అలాగే ఉంది.

5. తినే పద్ధతి

సుషీతో ఇచ్చే ఆకుపచ్చ ఘాటు ముద్ద, వాసబి దగ్గర మన తెలుగువాళ్లు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు, ఆ ఘాటు మనకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిన్నప్పుడు నాలుక మీద కాకుండా ముక్కులోకి ఎక్కుతుంది చూడండి, అదే ఇది. పోలిక కోసం చెబుతున్న మాట కాదు. వాసబి మొక్కది ఆవాల కుటుంబమే, రెండింట్లోనూ ఘాటు పుట్టించేది ఆలైల్ ఐసోథయోసయనేట్ అనే ఒకే పదార్థం. మిరపకారంలా నోట్లో నిలబడదు, గాలిలో కలిసిపోయే గుణం కాబట్టి కొన్ని క్షణాల్లో దిగిపోతుంది. నీళ్లు తాగడం కన్నా ఓపిగ్గా ఊపిరి వదలడం మేలు. చాలాచోట్ల ఇచ్చే ఆకుపచ్చ ముద్ద అసలు వాసబి కాదు, హార్స్‌ర్యాడిష్ అనే దుంపకు ఆవపొడి, రంగు కలిపింది. అసలుదైతే మీ కళ్ల ముందే తురుముతారు, తురిమిన కాసేపటికే దాని ఘాటు పోతుంది కాబట్టి.

నిగిరిలో షెఫ్ వాసబి ముందే పెట్టి ఉంటాడు. పిల్లలకు వద్దంటే ముందే చెప్పాలి. సోయా సాస్ చిన్న ప్లేటులో కొద్దిగా, ఒక చెంచా అంత పోసుకోండి. ముద్దను పక్కకు వాల్చి చేప వైపు మాత్రమే తాకించండి. అన్నం వైపు ముంచితే సాస్ పీల్చుకుని ముద్ద విడిపోతుంది, ఉప్పు తప్ప ఏమీ తెలియదు. బీపీ ఉన్న పెద్దవాళ్ల ప్లేటు మీద ఒక కన్నేసి ఉంచండి. ఒక టేబుల్ స్పూను సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజంతటికీ చెప్పే హద్దు 2000 మిల్లీగ్రాముల లోపు. షుగరున్నవాళ్లకు ఇంకో మాట, సుషీ అన్నంలో వెనిగర్, ఉప్పుతో పాటు చక్కెర కూడా కలుపుతారు.

గులాబీ రంగు అల్లం ముక్కల్ని సుషీ మీద పెట్టుకుని తినకండి. ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి అది.

టెంపురా వచ్చిన నిమిషంలో తినాలి, బజ్జీ చల్లారితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు జపాన్‌కి తీసుకెళ్లిన వేపుడు పద్ధతి ఇది. మన దేశానికి మిరపకాయ తెచ్చిందీ వాళ్లే. మిర్చి బజ్జీ, టెంపురా ఒకే ఓడల వెంట వచ్చిన అన్నదమ్ములని నాకు అనిపిస్తుంది.

సూప్‌కి చెంచా ఇవ్వకపోతే వెతకొద్దు. గిన్నె రెండు చేతులతో ఎత్తి, చారు తాగినట్టు తాగాలి, లోపలి ముక్కలు పుల్లలతో తీసుకోవాలి. నూడుల్స్ జుర్రుకోవచ్చు, చప్పుడు వస్తే తప్పు లేదు. చిన్నప్పుడు మజ్జిగ జుర్రుకుంటే నన్ను తిట్టిన మా అమ్మ, ఇది విని చాలా సంతోషపడింది.

6. పచ్చి చేప సంగతి

ఇంట్లో ఎవరో ఒకరు "పచ్చిదా?" అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న, నవ్వి కొట్టిపారేయకండి. సముద్రం లేని ఊరు మనది. పచ్చిగా తినే చేప విషయంలో "తాజాదా" అనడం కన్నా "ఎలా గడ్డకట్టించారు" అని అడగడం ముఖ్యం. చేపల్లో ఉండే పురుగులు చావాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు, లేదా గట్టిగా గడ్డకట్టించి మైనస్ 35 దగ్గర 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార భద్రతా నియమాలు చెబుతాయి. ఫ్రీజ్ చేసిన చేప అంటే నాసిరకమని అనుకోవద్దు, అది మన రక్షణ కోసమే. మంచి చోట ఈ ప్రశ్నకు చిరాకు పడకుండా జవాబు చెబుతారు. నసిగితే ఆ పూటకు ఉడికినవి, కాల్చినవి తిని రండి.

సాల్మన్‌ని పచ్చిగా తినడం జపాన్‌లోనే పాత అలవాటు కాదు. వాళ్ల సముద్రపు సాల్మన్‌లో పురుగులుంటాయని కాల్చుకునే తినేవారు. 1980లలో నార్వే తన పెంపకం చేపను అమ్ముకోవడానికి గట్టిగా ప్రచారం చేశాకే అది సుషీ మీదకు ఎక్కింది. కాబట్టి వెనకాడే పెద్దాయన్ని ఎవరూ చిన్నచూపు చూడనక్కర్లేదు. మన రవ్వ, బొచ్చె, కొర్రమీను మాత్రం ఇంట్లో ఎప్పుడూ పచ్చిగా ప్రయత్నించకండి, మంచినీటి చేపల పురుగులు ప్రమాదం. గర్భిణులు పచ్చి చేపకు దూరంగా ఉండాలి.

7. ఒమకాసే అడగాలనుకుంటే

ఒమకాసే అంటే "మీకే వదిలేస్తున్నాను" అని. కౌంటర్ ముందు కూర్చుంటే షెఫ్ ఒక్కొక్కటే చేసి పెడతాడు, ధర ముందే అడగాలి. తినకూడనివన్నీ కూర్చోకముందే చెప్పాలి. ఆ తర్వాత మెనూ అడగొద్దు. ముద్ద ముందు పెట్టగానే ఫోటో కోసం ఆగకుండా నోట్లో వేసుకోవాలి, అన్నం మన ఒంటి వేడి దగ్గర ఉన్నప్పుడే దాని రుచి. ఇద్దరికి మించి వెళ్లొద్దని నా మాట. ఇంటిల్లిపాదీ ఉన్న రోజున టేబులే బాగుంటుంది, కౌంటర్ ముందు వరసగా కూర్చుంటే అమ్మ మొహం మీకు కనబడదు.

8. బిల్లు, ఆ తర్వాత

మామూలు రెస్టారెంట్‌లో తిండి మీద జీఎస్టీ 5 శాతం. 7500 రూపాయలకు పైబడి గది అద్దె తీసుకునే స్టార్ హోటల్ లోపలి రెస్టారెంట్‌లో 18 శాతం. 8000 రూపాయల తిండికి మొదటి చోట 8400, రెండో చోట 9440 అవుతుంది. మెనూలో ధర చూసి లెక్కేసుకునేటప్పుడు ఈ తేడా మరవకండి.

సర్వీస్ ఛార్జ్ వేరే సంగతి. అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. వద్దంటే గొడవ లేకుండా తీసేయమని అడగొచ్చు. జపాన్‌లో టిప్పు ఇచ్చే అలవాటే లేదు. మన ఊళ్లో మాత్రం, మీ ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా లోపలికీ బయటికీ తిరిగి జవాబు తెచ్చిన ఆ అబ్బాయి చేతిలో ఏదైనా పెట్టడం నాకు న్యాయంగా అనిపిస్తుంది.

లేచేటప్పుడు షెఫ్ కనబడితే "గొచిసోసమ" అనండి. భోజనం పెట్టినవాళ్లకు చెప్పే కృతజ్ఞత అది. ఆ మాటలోని "చిసో"కి అసలు అర్థం పరుగులు తీయడం, అతిథి కోసం వండే సరుకుల వెంట పరుగులు తీసినవాళ్లను తలుచుకోవడం. మా తాతయ్య విస్తరి ముందు నుంచి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనేవాడు. పోయిన నెల కోంబు దాషితో చేయించిన మిసో సూప్ రెండు గిన్నెలు తాగి, పిన్ని ఆ షెఫ్‌తో ఆ మాటే తెలుగులో అంది. ఆయనకు అర్థం కాకపోయినా, చేతులు తుడుచుకుని తల వంచాడు.

మిగిలింది పార్శిల్ కట్టించే అలవాటు మనందరికీ ఉంది. వేయించినవి, కాల్చినవి, ఎడమామే కట్టించుకోండి. పచ్చి చేప ఉన్నదేదీ ఇంటికి తేకండి. మన ఎండకు కారులో అరగంట చాలు పాడవడానికి, ఫ్రిజ్‌లో పెడితే ఆ అన్నం గట్టిపడి పనికిరాదు. అందుకే చివరి రౌండు సుషీ ఆర్డరు మీరనుకున్న దాంట్లో సగమే చెప్పండి.